ఉంచువారే కారణము చెప్పవలెను

మానసిక వైద్యశాల ద్వారము చెంత రెండు ప్రశ్నలు తరచుగా వినవచ్చును. లోపలి మనిషి “నన్నెప్పుడు పంపిస్తారు?” అని అడుగును, వెలుపల నిలిచిన బంధువు “ఇంకొన్నాళ్ళు ఉంచుకోరాదా, డాక్టరుగారూ?” అని అడుగును. ఈ రెండును నిజమైన వేదననుండి పుట్టినవే. ఒకటి స్వేచ్ఛను కోల్పోయినవాని వేదన, రెండవది నెలల తరబడి నిద్రాహారములు మాని, ఒక ప్రాణమును కనిపెట్టుకొని యుండి, ఇక చేతకాక ఆసుపత్రి గడప త్రొక్కినవారి వేదన. అయితే ఈ ప్రశ్నలకు సమాధానమును డాక్టరుగారి దయకు గాని, బంధువుల ఓర్పునకు గాని విడిచిపెట్టక, మన పార్లమెంటు 2017లో ఒక చట్టము చేసి, ప్రతి దశకును ఒక గడువును, ప్రతి గడువునకును ఒక బాధ్యుని ఏర్పరచినదని ఎరిగినవారు ఆ ద్వారమునకు ఇరువైపులను అరుదుగానే కనిపింతురు.

ఆ చట్టము పేరు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము. 2017 ఏప్రిల్ 7న రాష్ట్రపతి ఆమోదము పొంది, 2018 మే 29 నుండి అమలులోనికి వచ్చినది. తన ఇష్టము లేకుండ చికిత్సకై లోపల చేరిన మనిషిని ఎప్పుడు, ఏ రీతిని, ఎవరు విడుదల చేయవలెనో అందులో చెప్పిన విధమును, రోగికి తల్లిగానో తోబుట్టువుగానో భర్తగానో భార్యగానో అయిన గృహస్థులకు ఉపయోగపడునట్లు ఈ అధ్యాయమున వివరింపదలచినాను. చికిత్స పొందుచున్నవారును, పొంది వచ్చినవారును దీనిని తమకే వ్రాసినట్లు చదువుకొనవచ్చును. నిజమునకు దీని అవసరము వారికే ఎక్కువ. నా అభిప్రాయమును ముందే చెప్పెదను. ఇంటికి పోవుటకు కారణము చూపవలసిన పని రోగిది కాదు. ఉంచుటకు కారణము చూపవలసిన పని ఉంచువారిది. అదియు ఒక్కసారి చూపి ఊరకుండుటకు వీలులేదు, గడువు తీరినప్పుడెల్ల క్రొత్తగా చూపవలెను. తక్కిన వివరములన్నియు ఈ ఒక్క సూత్రమునుండియే వచ్చుచున్నవి.

పూర్వపు చట్టముల తీరును ఒకింత చూచినగాని ఈ మార్పు ఎంత పెద్దదో బోధపడదు. ఆంగ్లేయులు 1912లో చేసిన చట్టము పేరే ‘ఇండియన్ లూనసీ యాక్టు’. ఉన్మత్తుడని పేరుపడినవానినుండి సంఘమును, వాని ఆస్తిని కాపాడుట అందులో ప్రధానము. వాని ఆరోగ్యము అనుబంధము. స్వాతంత్ర్యము వచ్చిన నలువది సంవత్సరములకు, 1987లో, దాని స్థానమున మానసిక ఆరోగ్య చట్టము వెలసి, 1993 ఏప్రిల్ 1 నుండి అమలు జరిగినది. అది భాషను సంస్కరించినది, కొన్ని రక్షణలను చేర్చినది. అయినను మేజిస్ట్రేటు ఉత్తర్వుతో లోపలికి పోయినవాడు బయటికి రావలెనన్నచో తాను కోలుకొన్నట్లు వైద్యుని ధ్రువపత్రమును చేతబట్టుకొని మరల మేజిస్ట్రేటునే ఆశ్రయించుట, లేనిచో బంధువులు పూచీ వ్రాసియిచ్చి తీసికొనిపోవుట అను పద్ధతులు దానియందును నిలిచియే యుండెను. పూచీ యిచ్చు బంధువు లేనివాని గతి యేమని ఆ చట్టము గట్టిగా అడుగలేదు.

ఆ ప్రశ్నను అడుగకపోయిన ఫలితమును సుప్రీం కోర్టు కన్నులార చూచినది. 1980ల ఆరంభమున వీణా సేథీ కేసనునది ఆ కోర్టు ముందునకు వచ్చినది. అప్పటి బీహారులోని హజారీబాగ్ కేంద్ర కారాగారమున ఉన్మాదులన్న పేరుతో ఉంచిన మనుష్యులు, స్వస్థులైరని వైద్యులు చెప్పిన పిదపను, సంవత్సరముల తరబడి, కొందరైతే మూడు దశాబ్దములకు పైబడి, లోపలనే మిగిలిపోయిరని ఒక న్యాయసహాయ సంఘము వ్రాసిన లేఖయే ఆ కేసునకు మూలము. జస్టిస్ భగవతి వారి విడుదలకు ఉత్తర్వు చేసిరి. ఆ మనుష్యులను క్రూరులైన అధికారులెవరో పగబట్టి బంధింపలేదు. విడుదల చేయుమని వ్రాయవలసిన కాగితమును వ్రాయుట ఎవరి పనియు కాకపోయినది, అంతే. ఒక మనిషి యౌవనమంతయు అట్టి అలక్ష్యమున కరిగిపోవుట నాకు క్రౌర్యముకంటెను భయంకరముగా తోచుచున్నది, ఏలయన క్రౌర్యమునకైనను ఒక ముఖముండును, దానిని నిలదీయవచ్చును.

భారతదేశము 2007లో వికలాంగుల హక్కుల ఐక్యరాజ్యసమితి ఒడంబడికను అంగీకరించిన తరువాత పాత చట్టము దానికి పొసగక, ఈ క్రొత్త చట్టము ఆవశ్యకమైనది. దీనియందలి ప్రధానమైన మార్పు, ఊరకుండుట వలన నిర్బంధము కొనసాగు మార్గమును మూసివేయుట. గడువు తీరునాటికి ఎవరును ఏమియు చేయకున్నచో పూర్వము రోగి లోపలనే యుండెడివాడు. నేడు ఎవరును ఏమియు చేయకున్నచో అతనిని ఉంచుటకు అధికారము లేకపోవును.

కావున మీ మనిషి ఆసుపత్రిలో చేరిన దినముననే మీరడుగవలసిన మొదటి ప్రశ్న, “ఏ సెక్షను క్రింద చేర్చుకొన్నారు?” అనునది. ఈ ప్రశ్న వైద్యుని మీద అవిశ్వాసమును చూపుట కాదు. ఏ సెక్షను క్రింద చేర్చుకొనిరో, ఆ నిర్ణయమును సమీక్షింపుమని కోరు హక్కు కలదో లేదో, వ్యాధి యేమిటో, చికిత్స యేమిటో రోగికిని అతని ప్రతినిధికిని వారికి అర్థమగు భాషలో తెలుపుట ఆసుపత్రివారి విధియని 22వ సెక్షను చెప్పుచున్నది. రోగి ఆ సమయమున గ్రహింపలేని స్థితిలో నున్నచో, తేరుకొన్న తరువాత మరల అతనికి చెప్పవలెను. ప్రతినిధి యనగా ఆసుపత్రి కాగితములలో ‘నామినేటెడ్ రిప్రజెంటేటివ్’ అని వ్రాయు వ్యక్తి. రోగి తెల్లకాగితముమీద సంతకముతో గాని వేలిముద్రతో గాని తనకు నమ్మకమైనవారిని నియమించుకొనవచ్చును, తరువాత మార్చుకొనవచ్చును. నియమింపని యెడల బంధువు, బంధువు లేనిచో సంరక్షకుడు, ఆ పిమ్మట మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు (దీని సంగతి చివర చెప్పెదను) నియమించినవారు, ఎవరును లేనప్పుడు సాంఘిక సంక్షేమశాఖవారు ఆ స్థానమున నిలుతురు.

ఇప్పుడు ఆ సెక్షనుల సంగతి. తన వ్యాధిని తానెరిగి, తానే కోరి చేరినవానిని చట్టము స్వతంత్ర రోగి యనును. అతని చేరిక 86వ సెక్షను, అతని విడుదల 88వ సెక్షను. అతడు “నేను వెళ్ళుతాను” అన్న వెంటనే పంపివేయవలెను. చేర్చినవారు వచ్చి సంతకము పెట్టినగాని పంపమని ఎవరైన అన్నచో, ఆ మాటకు ఈ సెక్షనులో చోటులేదు. ఒక్క మినహాయింపు కలదు: అతడు తన నిర్ణయముల స్వరూపమును గ్రహింపలేని స్థితికి వచ్చి ప్రతినిధి సహాయముపై మిక్కిలి ఆధారపడియున్నాడనియో, ఇటీవల తనను తాను హింసించుకొనబూనెననియో, ఇతరులపై దౌర్జన్యము చేసెననియో, తన బాగోగులను తాను చూచుకొనలేక ప్రమాదమున పడుచున్నాడనియో వైద్యుడు భావించినచో, పరీక్ష నిమిత్తము 24 గంటలు ఆపవచ్చును. ఆ 24 గంటలలో పరీక్ష ముగించి, తరువాతి సెక్షను క్రింద నియమానుసారముగ చేర్చుకొనవలెను, లేదా విడువవలెను. మూడవ దారి లేదు.

ఆ తరువాతిది 89వ సెక్షను. మన ఇండ్లలో ‘బలవంతంగా చేర్పించాము’ అని చెప్పుకొను చేరికలలో అధికభాగము రావలసినది దీని క్రిందికే గనుక దీనియొద్ద కొంత నిలిచెదము. ప్రతినిధి దరఖాస్తు పెట్టుకొనవలెను. చేరిక దినముననో, దానికి ముందటి ఏడు దినములలోనో ఒక సైకియాట్రిస్టును, మరియొక మానసిక ఆరోగ్య నిపుణుడో వైద్యుడో అయినవారును, ఒకరి అభిప్రాయముతో మరియొకరికి పొత్తులేకుండ, విడివిడిగా రోగిని పరీక్షింపవలెను. వ్యాధి తీవ్రమై, ఆత్మహాని గాని, పరహాని గాని, తన్ను తాను చూచుకొనలేని అశక్తత గాని ఇటీవల కనబడియుండవలెను. రోగి ముందుగా వ్రాసిపెట్టిన నిర్దేశమేదైన ఉన్నచో దానిని పరిశీలింపవలెను. ఇంతకంటె తక్కువ నిర్బంధముతో చికిత్స చేయు మార్గము వేరొకటి లేదని తేలవలెను. ఇన్నియు కుదిరినను చేరిక కాలము 30 దినములకు మించరాదు.

ఈ 30 దినములు శిక్షాకాలము వంటివి కావు. కనిష్ఠము కాదు, గరిష్ఠము. పండ్రెండవ దినమున పై లక్షణములు తొలగినచో పండ్రెండవ దినముననే ఆ చేరికను ముగించి, ఆ సంగతిని రోగికిని ప్రతినిధికిని తెలుపవలసిన బాధ్యత వైద్యాధికారిది. అప్పుడు రోగి ఇష్టపడినచో స్వతంత్ర రోగిగా ఉండిపోవచ్చును, కాని వెళ్ళు హక్కు తనకు కలదని అతనికి చెప్పియుండవలెను. ఈ లోపల ప్రతి ఏడు దినములకు ఒకసారి, చికిత్సకు సమ్మతి తెలుపు శక్తి రోగికి తిరిగి వచ్చినదా యని పరీక్షించి వ్రాసియుంచవలెను. స్త్రీని గాని మైనరును గాని చేర్చుకొన్నచో మూడు దినములలోను, ఇతరులనైనచో ఏడు దినములలోను సమీక్షా బోర్డునకు తెలుపవలెను. రోగి గాని, ప్రతినిధి గాని, రోగి సమ్మతితో రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థవారు గాని “ఈ చేరిక తగదు” అని బోర్డునకు దరఖాస్తు చేసికొన్నచో ఏడు దినములలో బోర్డు విచారించి తీర్పు చెప్పవలెను. ఆ తీర్పు ఆసుపత్రిని కూడ బంధించును.

బంధువులకు నేను ప్రత్యేకముగా చెప్పదలచినది ఆ ఏడు దినముల పరీక్షను గురించి. వారమునకొకసారి మీరు వైద్యుని కలసి, “ఈ వారము ఇతని సమ్మతిశక్తిని చూచినారా? ఏమి వ్రాసినారు?” అని మెల్లగా, గౌరవముగా అడుగుడు. ఈ ప్రశ్నలో గొప్ప ప్రయోజనము గలదు. వందలమంది రోగులను చూచు ప్రభుత్వ వైద్యశాలలలో వైద్యునికి తీరిక తక్కువ. అడుగువారున్న రోగి కాగితము పైకి వచ్చును. తన ప్రాథమిక వైద్యపత్రములను చూచు హక్కు రోగికి 25వ సెక్షను ఇచ్చుచున్నది. పలుకరింపవచ్చువారిని చూచుటకును, ఫోనులో మాటాడుటకును హక్కు 26వ సెక్షనులో నున్నది. ఈ హక్కులను నిశ్శబ్దముగా వాడుకొనుచున్న కుటుంబము విడుదల దినమున ఆశ్చర్యపడవలసిన అవసరముండదు.

30 దినములు చాలక పోయినప్పుడు 90వ సెక్షను వచ్చును. అచ్చట ఇద్దరు సైకియాట్రిస్టులు విడివిడిగా పరీక్షింపవలెను. ఏదో ఒకనాటి సంఘటన చాలదు, అట్టి ప్రవర్తన కొంతకాలముగ కొనసాగుచున్నట్లు కనబడవలెను. ప్రతి చేరికను ఏడు దినములలో బోర్డునకు తెలుపగా, బోర్డు 21 దినములలో అనుమతించుటయో విడుదలకు ఉత్తర్వు చేయుటయో జరుగవలెను. ఆసుపత్రిలోనే యుండుట నిజముగ అవసరమా, ఊరిలోనే, సమాజము నడుమనే ఆ చికిత్స జరుగదా యని బోర్డు విచారింపవలెను. మొదటి గడువు 90 దినములు. పొడిగించినచో 120 దినములు. ఆ పిమ్మట పొడిగించిన ప్రతిసారియు 180 దినములు. ప్రతి పొడిగింపునకును మరల పరీక్ష, మరల బోర్డు. రోగి సమ్మతిశక్తిని పక్షమునకొకసారి చూడవలెను. ఒకసారి బోర్డు ఒప్పుకొన్నది గనుక ఇక ఏడాది పొడుగునను నిశ్చింత యని ఇంటివారు గాని ఆసుపత్రివారు గాని అనుకొనుటకు ఈ సెక్షను తావియ్యదు.

కొన్ని సంగతులను త్వరగా చెప్పి దాటెదను. అత్యవసర చికిత్స పేరుతో రోగిని ఉంచు కాలము 72 గంటలు లేదా మానసిక వైద్యశాలలో పరీక్ష జరుగువరకు, ఏది ముందైన అది. దిక్కులేక తిరుగుచున్నవానిని పోలీసులు రక్షణలోనికి తీసికొన్నచో 24 గంటలలో సమీప ప్రభుత్వ వైద్యశాలకు చేర్చవలెను, లాకప్పులో ఉంచరాదు. మేజిస్ట్రేటు పరీక్షకై పంపినచో పది దినములకు మించరాదు. మైనరు బిడ్డ విషయమున ప్రతినిధి విడుదల కోరినచో పంపవలెను. ఆ బిడ్డ ఉన్నంతకాలము ప్రతినిధియో, అతడు నియమించిన తోడు మనిషియో వెంట ఉండవలెను, ఆడబిడ్డకు ఆ తోడు స్త్రీయే కావలెను. నేరారోపణతో వచ్చినవారి విడుదల క్రిమినలు న్యాయస్థానముల మార్గమున నడచును; దాని సంగతి వేరు.

చట్టము అంగీకరింపని కారణములను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. పెండ్లికి ఒప్పుకొననందుకు కూతురిని, పంపకములకు అడ్డువచ్చినందుకు అన్నను, విడాకులడిగినందుకు భార్యను ‘మతి చలించినది’ అని లోపలికి పంపుట మన సంఘమున జరుగని పని కాదు. ఒకని ఆర్థిక స్థితిని బట్టి గాని, కులమతములను బట్టి గాని, ఇంటివారి నీతికిని ఆచారమునకును అతని నడవడి పొసగకపోవుటను బట్టి గాని మానసిక వ్యాధిని నిర్ణయింపరాదని 3వ సెక్షను స్పష్టముగ చెప్పుచున్నది. పూర్వమెన్నడో చికిత్స పొందిన చరిత్ర మాత్రమే నేటి వ్యాధికి రుజువు కాదని కూడ అదే చెప్పుచున్నది. స్త్రీల చేరికను మూడు దినములలోనే బోర్డునకు తెలుపుమన్న నియమము ఈ అన్యాయములకు విరుగుడుగానే ఉపయోగపడవలెను. మీ యింట అట్టిది జరుగుచున్నదని తోచినచో మౌనముగ నుండకుడు. నిర్బంధమునకు తోడ్పడిన బంధువు కంటె, తెలిసియు మాటాడని బంధువునే లోపలి మనిషి ఎక్కువ కాలము తలచుకొనును. ఈ చట్టమును ఉల్లంఘించినవారికి మొదటిసారి ఆరునెలల వరకు ఖైదో, పదివేల రూపాయల వరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చును. మరల చేసినచో శిక్ష రెండేండ్ల వరకు పోవును.

ఇంక అన్నిటికంటె కఠినమైన విషయమునకు వచ్చెదను: ఇంటివారి భయము. దురుద్దేశములేని కుటుంబములే ఎక్కువ. వారికి గడువులు, హక్కులు అను మాటలు వినబడినప్పుడు, “అర్ధరాత్రి తలుపు బ్రద్దలు కొట్టినప్పుడు ఈ హక్కులెక్కడున్నాయి?” అన్న ప్రశ్న గుండెలోనుండి వచ్చును. ఆ ప్రశ్నను నేను చిన్నచూపు చూడను. ఒక తల్లి నాలుగు రాత్రులు కన్నుమూయక కుమారుని గదిముందు కూర్చుండెనన్నచో, ఆమెకు సెక్షనుల సంఖ్యలు చెప్పి పంపుట ధర్మము కాదు. అయినను ఆ భయమును రెండుగా విడదీసి చూడవలెను. మొదటిది, జరిగినదానిని గూర్చిన భయము: అది వైద్యునికి ఉపయోగపడు సమాచారము. ఏనాడు, ఏ వేళ, ఏమి జరిగినది, దానికి ముందు నిద్ర ఎట్లున్నది, మందు మాని ఎన్నాళ్ళైనది యను వివరములను వ్రాసి ఇచ్చినచో వైద్యుని పరీక్షకు అది ఆధారమగును. రెండవది, జరుగవచ్చునన్న భయము: అది ఒకని స్వేచ్ఛను ఆపుటకు చట్టములో కారణము కాదు, కాని మీ యింట ఏర్పాటు చేసికొనుటకు మంచి కారణము. ఆ ఏర్పాటు చేయక రోగిని లోపలనే ఉంచుమని వేడుకొనుచుండుట వలన భయము పోదు, పెరుగును. ఏలయన ఎన్నటికైనను అతడు రాక తప్పదు, అన్ని నెలల కోపమును వెంటబెట్టుకొని వచ్చును.

విడుదలకు ముందు మాటాడు తీరును గూర్చి కూడ చెప్పవలసియున్నది. “మందు మానావంటే మళ్ళీ ఎర్రగడ్డలో పడేస్తాను” అని హైదరాబాదు ప్రాంతమున, చినవాల్తేరు పేరు చెప్పి విశాఖ ప్రాంతమున బెదిరించుట అలవాటుగ వినవచ్చును. అచ్చటి మానసిక వైద్యశాలను శిక్షాస్థలముగ మార్చిన ఈ ఒక్క వాక్యము, మరునాడు నిజముగ వైద్యము అవసరమైనప్పుడు రోగి కాళ్ళు కదలకుండ చేయును. దానికి బదులు ఒక అన్న తమ్మునితో ఇట్లు మాటాడవచ్చును: “తమ్ముడూ, నువ్వు ఇంటికి రావడం నీ హక్కు, దానికి నా అనుమతి అక్కర్లేదు. కాని అమ్మ భయపడుతోంది, నేనూ భయపడుతున్నాను. నీకు నిద్ర పట్టనప్పుడు మేమేం చెయ్యాలో నువ్వే చెప్పు, రాసుకుంటాం.” అతడు చెప్పిన దానిని నిజముగ వ్రాయుడు. “అన్నా, నాతో గట్టిగా మాట్లాడొద్దు, డాక్టరుగారికి ఫోను చెయ్యి, చుట్టాలందరినీ పిలవొద్దు” అని అతడనవచ్చును. ఈ నాలుగు ముక్కలే తరువాత చట్టబద్ధమైన ముందస్తు నిర్దేశమునకు చిత్తుప్రతి కాగలవు. మేజరైన ప్రతి వ్యక్తియు, తాను నిర్ణయము చేయలేని స్థితి వచ్చినప్పుడు ఏ చికిత్స కావలెనో ఏది వలదో, ఎవరు తన ప్రతినిధియో వ్రాసిపెట్టుకొను హక్కును 5వ సెక్షను ఇచ్చినది; కోలుకొని వచ్చిన కాలమే దానిని వ్రాయుటకు అన్నిటికంటె తగిన కాలము.

ఇంటికి తీసికొనిపోవువారే లేకున్నచో? ఇచ్చట చట్టము మాట నిర్మొగమాటముగ నున్నది. కుటుంబము లేదనియో, కుటుంబము ఒప్పుకొనదనియో, ఇల్లు లేదనియో, ఊరిలో వసతి లేదనియో కారణము చూపి ఎవరిని కూడ వైద్యశాలలో మిగిల్చియుంచరాదని 19వ సెక్షను శాసించుచున్నది. అట్టివారికి న్యాయసహాయము కల్పించుట, తమ యింట నివసించు హక్కును సాధించుకొనుటకు తోడ్పడుట, ఆసుపత్రికిని ఇంటికిని నడుమ మజిలీగ నుండు గృహములు (హాఫ్‌వే హోములు), సామూహిక గృహములు ఏర్పరచుట ప్రభుత్వ బాధ్యత. నయమైనను ఆసుపత్రులలోనే మిగిలిన వారిని గూర్చి గౌరవ్ కుమార్ బన్సల్ వేసిన వ్యాజ్యమున సుప్రీం కోర్టు 2017లో రాష్ట్రములన్నిటిని పునరావాస ఏర్పాట్లు చేయుమన్నది. చట్టమునకును వసతులకును నడుమ నేటికిని చాల దూరమున్నది. ఆ దూరమును చూచి హక్కు ఉత్తదని తలంపక, హక్కును చేతబట్టుకొని వసతిని అడుగవలెను. దత్తత చేసికొన్నవారో, మేనత్తయో, బాల్యమిత్రుడో ఎవరో ఒకరు ముందుకు వచ్చినచో కన్నవారి అంగీకారమునకై ఆగనక్కరలేదు. రోగి వారిని ప్రతినిధిగా వ్రాసిన చాలును.

విడుదల దినము దగ్గరపడినప్పుడు 98వ సెక్షనును గుర్తుచేసికొనుడు. మందుల చీటీ చేతబెట్టి పంపుట విడుదల కాదు. చికిత్స చేయు సైకియాట్రిస్టు రోగితోను, ప్రతినిధితోను, రోగి ఎవరియింట నుండబోవుచున్నాడో వారితోను, ఇకమీదట చూడబోవు వైద్యునితోను సంప్రదించి, మున్ముందు ఏ చికిత్స ఏ విధముగ సాగవలెనో ఒక ప్రణాళిక సిద్ధపరచవలెనని ఆ సెక్షను విధించుచున్నది; ఈ నియమము ప్రతి విడుదలకును వర్తించును. వైద్యుడు సంప్రదింపకున్నచో మీరే అడుగుడు. ఏ మందు ఎందులకు, ఎంతకాలము, దానివలన నిద్రమత్తు, బరువు పెరుగుట, చేతులు వణుకుట వంటివి కలిగినచో ఏమి చేయవలెను, ఒక పూట మరచినచో ఏమి చేయవలెను, ఏ చిహ్నములు కనబడినచో వెంటనే తీసికొని రావలెను అని అడిగి వ్రాసికొనుడు. లిథియమిచ్చినచో రక్తపరీక్షలు ఎప్పుడెప్పుడో తెలిసికొనుడు. ఒంట నీరు తగ్గినప్పుడు దాని పరిమాణము రక్తమున ప్రమాదకరముగ పెరుగును గనుక మన మే నెల ఎండలలో నీరు, ఉప్పు, విరేచనముల విషయమున విశేష జాగ్రత్త అవసరము. క్లోజపిన్ ఇచ్చినచో తొలి నెలలలో తెల్ల రక్తకణముల లెక్కను వారము వారము చూపించుకొనవలెను. రోజును మాత్ర మింగుటయే ఇంట కలహమునకు కారణమైనచో, కొన్ని వారములకొకసారి ఇచ్చు సూదిమందు తగునేమో యని రోగి సమక్షముననే అడుగుడు. ఆరోగ్యబీమా ఉన్నచో, శరీర వ్యాధులకు వలెనే మానసిక వ్యాధులకును బీమా కల్పింపవలెనని ఈ చట్టమే చెప్పుచున్నది గనుక బిల్లులను, డిశ్చార్జి పత్రమును భద్రపరచుడు.

పూర్తిగా పంపుటకు వైద్యుడు సంకోచించినప్పుడు 91వ సెక్షను క్రింద సెలవుపై కొన్నాళ్ళు ఇంటికి పంపు పద్ధతి యున్నది. పండుగకో పెండ్లికో అట్లు వచ్చి నాలుగు దినములుండి చూచుట ఇరువురికిని ధైర్యము నిచ్చును. విడుదలయైన తరువాత మరల 89వ సెక్షను క్రింద చేర్చవలెనన్నచో ఏడు దినములు గడవవలెను. ఈలోపల తప్పనిసరియైనచో ఇద్దరు సైకియాట్రిస్టుల పరీక్షతో 90వ సెక్షను ద్వారమున పోవలెను. ఇంటికి వచ్చిన మూడవ దినముననే విసిగి వెనుకకు పంపుటను ఈ నియమము అడ్డగించుచున్నది, అది సమంజసమే. ఆ తొలి వారమున అర్ధరాత్రి సలహా కావలసినచో కేంద్రప్రభుత్వపు టెలీ మానస్ సంఖ్య 14416, తెలుగులో మాటాడవచ్చును.

గడువు తీరినను పంపనప్పుడో, చేరికయే అన్యాయమని తోచినప్పుడో ఆశ్రయింపవలసినది మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు. జిల్లా జడ్జి స్థాయివారు దానికి అధ్యక్షులు. కలెక్టరు ప్రతినిధి, ఒక సైకియాట్రిస్టు, మరియొక వైద్యుడు సభ్యులు. ఇంకను ఇద్దరు సభ్యులు మానసిక వ్యాధిని అనుభవించినవారో, అట్టివారిని చూచుకొనువారో, ఆ పనిచేయు సంస్థలవారో అయియుందురు. ఈ చివరి ఇద్దరి ఉనికి నాకు ఈ చట్టమంతటిలో మిక్కిలి ప్రీతికరమైన విషయము. దరఖాస్తునకు రుసుము లేదు. రోగి పేరు, ఆసుపత్రి పేరు, చేరిన తేదీ, సెక్షను, ఇప్పటి స్థితి, కోరునది విడుదలయో సమీక్షయో, ఈ ఆరు సంగతులు తెలుగులో వ్రాసి సంతకము చేసిన చాలును. ప్రత్యేక పరిస్థితులలో నోటిమాటగ గాని, ఫోనులో గాని చెప్పినను బోర్డు స్వీకరింపవచ్చును. బోర్డు చిరునామాను, ఫోను సంఖ్యను ఆసుపత్రిలో కనబడుచోట వ్రాసియుంచి, దరఖాస్తు ఫారములను రోగికి ఇచ్చి, బోర్డుతో ఉచితముగ ఫోనులో మాటాడనీయుట ఆసుపత్రివారి విధి. న్యాయవాదికై జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడుగుడు; స్త్రీలకును, వైకల్యము గలవారికిని, మానసిక వైద్యశాలలో నిర్బంధముననున్నవారికిని ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయసహాయము లభించును, వారి ఫోను సంఖ్య 15100. బోర్డు నిర్ణయము ప్రతికూలమైనచో 30 దినములలోగా హైకోర్టునకు అప్పీలు చేసికొనవచ్చును, ఆంధ్రప్రదేశమువారు అమరావతిలో, తెలంగాణమువారు హైదరాబాదులో. కావున బోర్డు ఉత్తర్వు ప్రతిని తేదీతో సహా ఆనాడే అడిగి తీసికొనుడు.